పెనం మీద ప్లగ్గులు

మనిషి నిప్పును ఇంట్లోకి ఎప్పుడు తెచ్చుకున్నాడో పండితులు ఇంకా తేల్చలేదు గానీ, పడవ మోటారు స్పార్క్ ప్లగ్గులు ఒకానొక వంటింట్లోకి ఎప్పుడు ప్రవేశించాయన్న విషయంలో మాత్రం రెండు స్పష్టమైన వాదాలున్నాయి. మొదటిది భర్త వాదం. ఆ ఏడు చలి విపరీతంగా ఉండటం వల్ల, మోటారు మీద జాలితో, తాత్కాలిక ఏర్పాటుగా, ఒక్క వారం పాటు తెచ్చానని అతను అంటాడు. రెండోది భార్య వాదం. తన పెనం కొత్తగా ఉన్న ఏడు అని ఆమె అంటుంది. అంతకుమించి ఆధారాలు చూపించదు. పెనాన్ని చూపిస్తుంది.

వివాదం సంగతి ఎలా ఉన్నా కార్యక్రమం మాత్రం ఏనాడూ తప్పలేదు. అతను తెల్లవారకముందే లేస్తాడు. ముందురోజు సాయంత్రం మోటారు నుంచి విప్పి తెచ్చిన రెండు ప్లగ్గుల్నీ చొక్కా జేబులోంచి తీసి, తీగ బ్రష్షుతో తోమి, పెనం మధ్యలో పక్కపక్కనే పెడతాడు. సన్నని మంట. పెట్రోలూ, మాడిన నూనే, పాత ఇనుమూ కలిసిన వాసన మొదట వంటింట్లోకి, అక్కణ్ణుంచి దుప్పట్లలోకి, ఆపైన ఆ రోజు ఆ ఇంట్లో ఎవరు ఏం తిన్నా అందులోకి చేరుతుంది. ప్లగ్గులు తగినంత వేడెక్కాయని తోచాక పట్టకారుతో తీసి, ఉన్నిగుడ్డలో చుట్టి, జ్వరం వచ్చిన పసిబిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్తున్నట్టు గుండెకు హత్తుకుని రేవుకు నడుస్తాడు.

"అక్కడికి చేరేసరికి చల్లారిపోవూ?" అని ఆమె మొదట్లోనే అడిగింది.

"గుడ్డ చుట్టానుగా."

"అది నా శాలువా."

"పాతదేగా!"

"పాతదాన్నే కప్పుకుంటున్నాను. కొత్తది మీరెప్పుడు తెచ్చారు గనక?"

ఆ తర్వాత ఆమె ఆ విషయం మాట్లాడటం మానేసింది. కాపురంలో అలా మానేసిన విషయాల వరసలో ఇదొకటై కూర్చుంది.

రేవులో అతన్ని కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ అతను 'ఇంకోసారి'. ప్లగ్గులు బిగిస్తాడు. పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని గట్టిపడేదాకా పిసుకుతాడు. చోక్ పిడి బయటికి లాగుతాడు. కాలు అడ్డు పెట్టి, మోటారు తాడు పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా చేతిలోకి తెచ్చుకుని ఒక్క లాగు లాగుతాడు. మోటారు దగ్గుతుంది. "ఇంకోసారి," అంటాడు. లాగుతాడు. ఈసారి దగ్గదు కూడా. "ఇంకోసారి." ఆ మాట ఎవరితో అంటాడో తెలీదు. మోటారుతోనే అయ్యుండాలి. ప్రయాణికులతో అయితే వాళ్ళు ఎప్పుడో తిరగబడేవాళ్ళు.

ఆ ప్రయాణికులందరూ అవతలి ఒడ్డున ఓడల మరమ్మతు యార్డులో పొద్దుటి షిఫ్టువాళ్ళు. ఊరు ఇవతల, యార్డు అవతల, మధ్యలో వెడల్పాటి పాయ. ఎగువన వంతెన ఉంది, దాని మీద బస్సులున్నాయి. పగటిపూట ఊళ్ళో అందరూ బస్సులోనే పోతారు. తెల్లవారుజామున మాత్రం బస్సు లేదు. అందుకని పొద్దున్నే షిఫ్టువాళ్ళను దించడం, సాయంత్రం మళ్ళీ తీసుకురావడం, ఇంతే అతని వృత్తి. మధ్యలో ఉన్న పగలంతా పడవలో కూర్చుని పడవకు కాపలా కాస్తాడు. షిఫ్టువాళ్ళు రాకపోతే ఆ పడవకు పనే లేదు. పడవకు పని లేకపోతే అతను ఎవరో చెప్పడానికి అతని దగ్గర వేరే మాట లేదు.

ఒకప్పుడు అతనూ యార్డు మనిషే. ఓడల అడుగున తుప్పు గీకి రంగు వేసేవాడు. ఒకరోజు ఆలస్యంగా వచ్చావని మేస్త్రీ నలుగురి ముందూ అన్నాడని, రంగు డబ్బా అక్కడే బోర్లించి వచ్చేశాడు. "ఇక ఎవడి గడియారానికీ తల వంచను," అని ఇంటికొచ్చి ప్రకటించి, ఉన్నదంతా ఊడ్చి ఈ పడవా మోటారూ కొన్నాడు. మోటారు అప్పటికే ఇద్దరు యజమానుల్ని విసిగించి ఉంది. ఆనాటి నుంచి ఇతర్లను అదే గేటు దగ్గరికి ఆలస్యంగా చేర్చే బాధ్యత అతను భుజాన వేసుకున్నాడు. భుజం అన్నది ఊరికే మాటవరసకు కాదు. ఏళ్ళ తరబడి తాడు లాగీ లాగీ కుడి భుజం పట్టేసింది. ఇప్పుడు చెయ్యి చెవి దాకా లేవదు. తల ఎడమ చేత్తో దువ్వుకుంటాడు. పాపిడి వంకరగా వస్తుంది.

ఈసారి చలికాలం మొదట్లో రేవుకు ఇంకో పడవ వచ్చింది. దాని మోటారుకు తాడు లేదు. మీట ఉంది. మీట నొక్కితే చాలు, అది చెప్పిన మాట వినే పిల్లలా లేచి నిలబడుతుంది. దాని యజమాని మీసాలు సరిగ్గా మొలవని కుర్రవాడు. పడవకూ అతనికీ కలిపి రేవు ఒకే పేరు పెట్టింది, 'మీట'. మీట ఎవరినీ పిలవడు, పోటీకి రాడు, నవ్వడు. తన పడవలో తాను కూర్చుని వేరుశెనక్కాయలు వొలుచుకుంటాడు. శత్రువుగా చూద్దామంటే అందుకు తగ్గ పని ఒక్కటీ చెయ్యడు. అదే ఇంకోసారికి మరీ మంట.

ఒక గురువారం సాయంత్రం, తిరుగు ప్రయాణంలో అందరూ దిగాక క్రేన్ ఆపరేటర్ ఆగాడు. షిఫ్టువాళ్ళ తరఫున మాట్లాడేది అతనే. పొద్దస్తమానం ఎత్తున కూర్చుంటాడు గనక కింద ఉన్నవాళ్ళ బాగోగులు బాగా కనిపిస్తాయని వాళ్ళ నమ్మకం.

"బాబాయ్, ఒక్క మాట. అనుకోవుగా?"

"అనుకునే మాటైతే అనుకుంటాను. చెప్పు."

"గేటు దగ్గరికి కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. సైరన్ ఆగితే చాలు, ఒక్కణ్ణీ లోపలికి పోనివ్వట్లేదు. నిన్న మా వెల్డర్‌ని బయటే నిలబెట్టాడు, స్కూలు పిల్లాణ్ణి నిలబెట్టినట్టు. ముగ్గురు పిల్లల తండ్రి బాబాయ్ వాడు."

"అయితే నేనేం చెయ్యను? నేను రాలేదా? మీకంటే ముందే వచ్చి కూర్చుంటున్నాగా!"

"నిన్నెవరన్నారు? నువ్వు మంచోడివి. మేం మోటార్ని అంటున్నాం."

"ఆహా. నాకేమో మంచోడని సర్టిఫికెట్టు, మీకేమో మీట పడవ."

"వెళ్ళిపోతామని కాదు. రేపూ ఎల్లుండీ అందులో వెళ్తాం. ఆదివారం ఎలాగూ సెలవు. ఈలోగా దాని సంగతేంటో చూడు. సోమవారం నువ్వు తాడు లాగగానే అది పలికిందా, నీ పడవే. మాటంటే మాటే."

"లాగగానే అంటే?"

"లాగగానే అంటే లాగగానే, బాబాయ్."

మెట్ల మీంచి ఎవరో అందించారు. "మధ్యలో ఇంకోసారి అనకుండా."

నవ్వులు. నవ్వినవాళ్ళలో వెల్డరూ ఉన్నాడు. ముగ్గురు పిల్లల తండ్రి.

శుక్రవారం, శనివారం అతను యథాప్రకారం ప్లగ్గులు కాల్చుకుని రేవుకు వెళ్ళి, తన పడవలో కూర్చుని, వాళ్ళు మీట పడవలో వెళ్ళడం చూశాడు. మీట నొక్కిన చప్పుడు కూడా వినపడలేదు. వినపడి ఉంటే తిట్టుకోవడానికైనా పనికొచ్చేది.

ఆదివారం పొద్దున్నే బావమరిదిని పిలిపించాడు. ఊళ్ళో స్కూటర్లు బాగుచేసే షాపు అతనిది. ఇన్నేళ్ళుగా ఈ మోటారుకు ఆస్థాన వైద్యుడు కూడా అతనే. కానీ వైద్యుడు ఎప్పుడూ షాపు పని ముగించుకుని సాయంత్రం వచ్చేవాడు. అప్పటికి మోటారు షిఫ్టువాళ్ళను దించి తెచ్చి ఒళ్ళు వెచ్చబడి ఉండేది. తాడు ముట్టుకుంటే చాలు, బుద్ధిమంతురాలిలా పలికేది. "దీనికేం రోగం బావా, నీదే అనుమానం," అని కొత్త ప్లగ్గులు వేసి వెళ్ళిపోయేవాడు. చల్లబడి ఉన్నప్పుడు దాని అసలు గుణం చూడటం అతనికి ఇదే మొదటిసారి.

ఇంకోసారి ఆ రోజు ముందుజాగ్రత్తగా చిన్న పొయ్యినీ, పెనాన్నీ రేవుకే తెచ్చేశాడు. వైద్యుడి ఎదుటే ప్లగ్గులు కాల్చి, వేడివేడిగా బిగించి, లాగాడు. లాగుతూనే ఉన్నాడు. బావమరిది కాసేపు నిలబడి చూశాడు, తర్వాత కూర్చుని చూశాడు.

"ఆగు బావా, ఆగు. భుజం ఊడి నీళ్ళలో పడుద్ది. వరసగా చూద్దాం."

వరసగానే చూశారు. పెట్రోలు పాతదేమోనని కొత్తది కలిపి పోశారు. బుడ్డి పిసికితే గట్టిపడింది, గట్టిపడి అలాగే ఉంది. గొట్టంలో గాలి చొరబడటం లేదు. ప్లగ్గు విప్పి, తొడుగుకు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి తాడు లాగితే నీలిరంగు నిప్పురవ్వ టపటపా కొట్టింది. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి లాగితే వేలిని ఎగరగొట్టింది. లోపల బలం ఉందన్నమాట. ప్లగ్గుల మూతులు రెండూ వేలితో తడిమి చూశాడు బావమరిది. పొడిగా ఉన్నాయి.

"ప్లగ్గులు చూడు బావా, ఎంత శుభ్రంగా, పొడిగా ఉన్నాయో!"

"పెనం మహిమ," అన్నాడు ఇంకోసారి. అన్ని ఓటముల మధ్యా అదొక్కటే తన గెలుపు అన్నట్టు.

"అన్నీ బాగున్నాయి. ఇక దీనికి వయసే రోగం. కొత్తది చూసుకో." ఇలా తీర్పు చెప్పి, చేతులు తుడుచుకుని, మెట్ల పైనున్న టీ కొట్టుకు వెళ్ళాడు వైద్యుడు.

అప్పుడే ఆమె వచ్చింది. మోటారు కోసం కాదు, పెనం కోసం. మొహం మాడ్చుకుని వచ్చి, పొయ్యి ఆర్పి, పెనాన్ని చెంగుతో పట్టుకుని, వెళ్ళబోతూ భర్త వైపు చూసింది. పడవలో వీపుకు ఆనుడు లేని ఒట్టి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని ఎవరో అక్కడ మర్చిపోయి వెళ్ళినట్టు చూస్తున్నాడు.

వెళ్ళలేకపోయింది. మెట్టు మీద కూర్చుంది.

"ఏమన్నాడు వాడు?"

"అన్నీ బాగున్నాయట."

"బాగుంటే ఎందుకు పలకదు?"

"అన్నీ బాగున్నాయి గనకే," అన్నాడు. నవ్వు రాలేదు ఇద్దరికీ.

"ఇంతసేపు లాగారు కదా, ప్లగ్గులు తడిశాయా?"

"పొడిగా ఉన్నాయి. శుభ్రంగా."

"అదేంటి? కిరసనాయిలు పొయ్యి అంటుకోకపోతే ఒత్తి అయినా తడుస్తుందిగా. అంత పెట్రోలు పోసి, అంత లాగితే తడి కూడా తగల్లేదంటే, అది లోపలికి పోతోందా అసలు?"

ప్లగ్గులు పొడిగా ఉండటమన్నది ఇన్నేళ్ళూ అతని ఘనత. వాటిని పెనం మీద ఎండబెట్టి తెస్తున్నాడు గనక ఎప్పుడు విప్పి చూసినా పొడిగానే ఉండాలని అతని లెక్క, బావమరిది లెక్క. మోటారు రోజూ తన రోగమేంటో చెబుతూనే ఉంది. అతను రోజూ దాన్ని పొయ్యి మీద కాల్చి చెరిపేస్తూనే ఉన్నాడు.

"చలిలో పెట్రోలు ఎక్కువ కావాలి. గాలి తగ్గించాలి," అన్నాడు మెల్లగా, పాఠం ఒప్పజెబుతున్నట్టు. "అందుకే చోక్ లాగుతాం. లాగితే గాలి దారి మూసుకుంటుంది."

"మూసుకుంటోందని ఎవరు చూశారు?"

"పిడి వస్తోందిగా బయటికి!"

"పిడి వస్తోంది సరే. లోపల మూసుకోవడం ఎవరు చూశారని అడుగుతున్నా."

ఎవరూ చూడలేదు. గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ మూతికి నల్లటి ప్లాస్టిక్ డొప్ప ఒకటి బిగించి ఉంటుంది. దాని వెనక ఉండేది గాలి. గాలిని చూడటానికి మూత విప్పడమెందుకని ఎవరూ విప్పలేదు. దాని మరలు రెండూ తుప్పుతో మోటారులో కలిసిపోయాయి. నూనె పోసి, సుత్తితో మెల్లగా కొట్టి, ఎడమ చేత్తో తిప్పలేక తిప్పలేక తిప్పితే ఒకటి ఊడింది. రెండోది విరిగింది. డొప్ప వచ్చేసింది.

లోపల చిన్న ఇత్తడి రేకు, గాలి దారికి అడ్డంగా తలుపులా. "లాగు," అన్నాడు. ఆమె పెనం పక్కన పెట్టి చోక్ పిడి లాగింది. తలుపు తిరిగింది. తిరిగి, మూసుకోబోయి, మొహమాటపడ్డట్టు మధ్యలో ఆగిపోయింది. అంచున చిటికెనవేలు పట్టేంత సందు.

పిడినీ తలుపునూ కలిపే చువ్వ మోటారుతో వచ్చింది కాదు. సన్నగా, పొడుగునా గాడితో, కొసన చిన్న బెజ్జంతో ఉంది. కొక్కెంలా వంచి తగిలించారు. వంచినవాళ్ళు కాస్త తక్కువ వంచారు. అందుకే పొడుగు మిగిలింది, పొడుగు మిగిలినందుకే సందు మిగిలింది.

ఆమె ముందుకు వంగి చూసింది.

"ఇది నా గొడుగు ఊచ."

అతనికి చప్పున గుర్తొచ్చింది. చోక్ చువ్వ విరిగిన రోజు. వాన. బావమరిది చేతికందిన గొడుగు ఊచ విరిచి తగిలించి, 'ఇప్పటికి ఇది ఉండనీ బావా, అసలుది వచ్చేవారం తెస్తా' అన్నాడు. ఆ తర్వాతే మోటారు పొద్దున్నపూట మొరాయించడం మొదలైంది. ఆ తర్వాతే ప్లగ్గులు వంటింట్లోకి వచ్చాయి. ఆ ఏడు చలి ఎక్కువేమీ కాదు.

టీ తాగి మెట్లు దిగిన బావమరిది తొంగి చూశాడు. చిన్ననాటి స్నేహితుడు ఎదురైనంత సంతోషపడ్డాడు.

"అరే! అదింకా అక్కడే ఉందా!"

వేలితో ఊచను కదిపి చూశాడు.

"గట్టి ఊచే బావా. ఎవరిదో గాని మంచి గొడుగు."

"నాదిరా," అంది అక్క. "ఆ వానాకాలమంతా తడిశాను. ఎవరు విరిచారని ఇల్లంతా అడిగాను. నిన్నూ అడిగాను."

"నన్నడిగావా? ఏమన్నాను?"

"గాలికి విరిగుంటుందన్నావు."

"అంటే... గాలికే కదక్కా, ఒక రకంగా," అని గాలి దారి వైపు చూపించబోయి, ఆమె మొహం చూసి, షాపు తాళం వెయ్యడం మర్చిపోయానని గుర్తు తెచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆదివారం ఆ షాపు తెరవనే లేదు.

పట్టకారుతో ఊచ కొసను ఇంకాస్త వంచడానికి పట్టిన సమయం చెప్పుకోదగ్గది కాదు. అదే అన్నింటికంటే చేదుగా ఉంది. ఏ పెద్ద భాగమో పగిలిపోయి ఉంటే, రోజుల తరబడి శ్రమపడి బాగుచేసి ఉంటే, పోయిన ఏళ్ళకు కాస్త గౌరవం మిగిలేది. ఒక్క వంపు. తలుపు టక్కున మూసుకుంది. అతను పిడి లోపలికి నెట్టి, మళ్ళీ లాగాడు. టక్. మళ్ళీ. టక్. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా ఎవరో ఒకే జవాబు చెబుతున్నట్టు.

మోటారు వేసి చూడమంది ఆమె. వద్దన్నాడు. ఇప్పుడు వేస్తే వెచ్చబడుతుంది. రాత్రంతా చల్లబడి, తెల్లవారి పలికితేనే పలికినట్టు.

ఆమె పెనం చంకన పెట్టుకుని అతని పక్కనే ఇంటికి నడిచింది.

"భుజం ఇంక తగ్గుతుందా?" అని అడిగింది.

"డాక్టరు ఎప్పుడో చెప్పాడుగా. అది అంతే."

"అయితే భుజం ఊరికే పోయింది."

"నీ పెనం కూడా."

"పెనం తోముకుంటే వస్తుంది," అంది. తర్వాత కొంచెం ఆగి, "రాదులెండి," అంది.

సోమవారం అతను అలవాటు ప్రకారమే లేచాడు. వంటింట్లో నిలబడ్డాడు. చెయ్యడానికి ఏమీ లేదు. ప్లగ్గులు మోటారులోనే ఉన్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కాసేపు పొయ్యి వైపు చూశాడు. లోపలి గదిలోంచి ఆమె, "వెళ్ళండి, ఇంక నిలబడకండి," అంది. నిద్రపోలేదన్నమాట ఆమె కూడా.

రేవు మీద మంచు పల్చగా ఉంది. షిఫ్టువాళ్ళు క్యారేజీలు పట్టుకుని అప్పటికే మెట్ల మీద గుంపుగా చేరారు. మీట తన పడవలో వేరుశెనక్కాయల పొట్లం విప్పుతున్నాడు. ఇంకోసారి ఎవరి వైపూ చూడకుండా పడవలోకి దిగాడు. బుడ్డి పిసికాడు. చోక్ లాగాడు. లోపల టక్ మన్నది అతనొక్కడికే వినపడింది. కాలు అడ్డు పెట్టి, తాడు పట్టుకుని, లాగాడు.

పలికింది.

దగ్గలేదు, మూలగలేదు. ఒక్క లాగుకే పలికి, గుండ్రంగా, నిబ్బరంగా, పడవంతా సన్నగా వణికేలా తిరగసాగింది. 'ఇంకోసారి' అన్న మాట అప్పటికే అతని నోటి దాకా వచ్చేసింది. దాన్ని మింగాడు. చోక్ మెల్లగా లోపలికి నెట్టాడు. మోటారు ఆగలేదు. నీలిపొగ నీళ్ళ మీద పల్చగా పరుచుకుంది. అతను నిటారుగా నిలబడి, మొదటిసారి మెట్ల వైపు చూశాడు. చెవి దాకా లేవని చేత్తోనే రమ్మని సైగ చేశాడు.

మెట్ల మీద నిజంగానే ఆశ్చర్యపోయారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. వెల్డర్ ఈల వేశాడు.

"అబ్బ, బాబాయ్! ఒక్క లాగుకే!" అన్నాడు క్రేన్ ఆపరేటర్. "ఏం చేశావేంటి?"

"చిన్న పనే. చోక్ మూసుకోవట్లేదు. ఎక్కండి, సైరన్‌కు ఇంకా బోలెడు టైముంది."

క్రేన్ ఆపరేటర్ ఒక మెట్టు దిగాడు. ఆగాడు. క్యారేజీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. వెనక నుంచి ఒకరు, తర్వాత ఇద్దరు, అతన్ని దాటుకుని మీట పడవలోకి ఎక్కారు. వెల్డరూ ఎక్కాడు.

"అదేంట్రా? పలికింది కదా!"

"పలికింది బాబాయ్. బాగా పలికింది. కాదన్నదెవరు?"

"మాటంటే మాటన్నావు."

"అన్నాను. అంటే... రెండ్రోజులు అందులో వెళ్ళాం కదా..." ఎత్తున కూర్చునే మనిషి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "మోటారు గురించి కాదు బాబాయ్. మోటారు ఏదైతేనేం. అందులో కూర్చుంటే అవతలికి చేరేదాకా కాస్త కునుకు పడుతోంది మావాళ్ళకి."

అతను కూడా వెళ్ళి అందులో ఎక్కాడు. మీట మీట నొక్కాడు. ఈ మోటారు చప్పుడులో ఆ చప్పుడు వినపడలేదు.

పడవ కదులుతుండగా ఇంకోసారి అందులోకి పరీక్షగా చూశాడు. అప్పటికే కొందరు తలలు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. మీట పడవలో బల్లలకు వీపు ఆనించుకునే చెక్కలున్నాయి.